గ్లాసులో తేలిన పిండిముద్ద: మెక్సికో క్రిస్మస్ విందు చిక్కులు విప్పుకుంటే

డిసెంబరు 24 మధ్యాహ్నం. వంటింటి గట్టు మీద గ్లాసెడు చన్నీళ్లు. డాలస్‌లో మా పక్కింట్లో ఉండే, మెక్సికోలోని ప్యూబ్లా నుంచి వచ్చిన ఆవిడ గిన్నెలోంచి చిన్న ఉసిరికాయంత పిండి తీసి అందులో వేసింది. ముద్ద నిదానంగా అడుక్కి దిగింది. "తొదవీయా నో" అంది ఆవిడ, ఇంకా కాలేదని. మళ్లీ చేతులు పిండిలో పెట్టి పది నిమిషాలు కొట్టింది. రెండో ముద్ద గ్లాసు మధ్యదాకా పోయి అక్కడే ఊగింది. మూడోది తేలింది. నాకు నవ్వొచ్చింది. మా అమ్మ గారెల పిండిని సరిగ్గా ఇలాగే చూసేది. రుబ్బిన మినప్పిండి చిటికెడు నీళ్లలో వేసి, తేలితేనే పొయ్యి మీద మూకుడు పెట్టేది.

ఆ పిండి తమాలెల కోసం, అంటే మొక్కజొన్న పిండిలో కూర పెట్టి, ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే పొట్లాల కోసం. అంతకు ముందు ఏడాది నేను సొంతంగా చేసిన తమాలెలకు ఆ అదృష్టం పట్టలేదు. దుకాణంలో పచ్చగా కనిపించిన మొక్కజొన్న పిండి తెచ్చాను, కొలతలు తూచా తప్పకుండా పాటించాను, గంటన్నర ఆవిరి మీద పెట్టాను. వచ్చిన అతిథుల ముందు ఆకు విప్పగానే లోపలిది తడిసిన ఇసుకలా జారిపోయింది. వంటకం రాసినవాళ్లను తిట్టుకున్నాను. తప్పు వాళ్లది కాదని తరవాత తెలిసింది. మెక్సికన్ వంటలు రాసేవాళ్లు, తమ పాఠకులకు తెలిసే ఉంటుందనుకుని ఒక సంగతి వదిలేస్తారు. ఆ పిండి మామూలు మొక్కజొన్న పిండి కాదు. మన వంటల పుస్తకాల్లో "పోపు పెట్టాలి" అని ఊరుకున్నట్టే ఇదీ. తెలియనివాళ్లకు అక్కడే బండి ఆగిపోతుంది.

పండగ విందు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి కరకరలాడే టాకోలు, పసుపు పచ్చ చీజు పోసిన నాచోలు. నాచోలు పుట్టింది మెక్సికోలోనే అయినా అది సరిహద్దు పట్టణం పియెద్రాస్ నేగ్రాస్‌లో, 1940లలో, టెక్సస్ వైపు నుంచి వచ్చిన వాళ్ల కోసం ఇగ్నాసియో అనాయా అప్పటికప్పుడు వడ్డించిన చిరుతిండి. "నాచో" ఆయన ముద్దుపేరు. క్రిస్మస్ ముందురాత్రి, అంటే నోచెబ్వెనా నాడు, మధ్య మెక్సికో ఇళ్లలో దాని ఊసుండదు. అక్కడ కనిపించేవి తమాలెలు, మోలే అనే ఎండు మిరపకాయల పులుసు, ఉప్పుచేపతో చేసే బకలావ్, ఉప్పునేలల్లో పెరిగే రొమెరీతోస్ అనే ఆకుకూర, బీట్‌రూట్‌తో నారింజతో కలిపిన ఎర్రటి సలాడ్, పళ్లు వేసి కాచిన వేడి పోంచే, నూనెలో వేయించి బెల్లంపాకం పోసిన బుఞ్ఞ్వెలోలు. కొన్ని ఇళ్లలో తమాలెల బదులు మొక్కజొన్న గింజలు, మాంసం వేసి ఉడికించే పొసోలే ఉంటుంది. ఉత్తరాది ఇళ్ల బల్ల వేరు, యుకతాన్ ఇళ్ల బల్ల వేరు. సంక్రాంతికి అందరిళ్లలో ఒకే అరిసె ఉండనట్టే.

ఇన్ని పేర్లు చూసి బెదిరిపోనక్కర్లేదు. మొక్కజొన్నను ఏం చేస్తారో, మిరపకాయను ఎలా వాడతారో, ఏ పని ఏ రోజు చేస్తారో తెలిస్తే మిగిలినదంతా కూరలు తరగడమే.

మొదట మొక్కజొన్న. గోధుమలో గ్లూటెన్ ఉంటుంది, నీళ్లు పోసి కలిపితే సాగుతుంది. మొక్కజొన్నలో అది లేదు. ఎండిన గింజను నేరుగా పిండి పట్టిస్తే అది రొట్టె అంచుల దగ్గర విరుగుతుంది, ఆవిరిలో విడిపోతుంది. మెక్సికో, గ్వాటెమాల ప్రాంతాల ప్రజలు మూడు వేల ఏళ్లకు పైగా దీనికి ఒక ఉపాయం చేస్తూ వచ్చారు. గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే నాననిచ్చి, మర్నాడు కడిగి, తడిగానే రుబ్బుతారు. అలా ఉడికిన గింజలను నిష్తమాల్ అంటారు. అక్కడి మూలవాసుల నావాట్ల్ భాషలో నెష్ట్లి అంటే బూడిద, తమాల్లి అంటే పిండిముద్ద. సున్నం దొరకని చోట కట్టెల బూడిద వాడేవారు కాబట్టి ఆ పేరు. రుబ్బగా వచ్చిన ముద్ద మాసా. దాన్ని ఆరబెట్టి పొడి చేసి అమ్మేది మాసా అరీనా. నేను కొనాల్సింది అది. డాలస్‌లో నాలుగడుగులేస్తే దొరికేది, పక్క అరలోనే ఉన్నది, పసుపు రంగు చూసి వదిలేసి వచ్చాను.

సున్నం ఏం చేస్తుంది? గింజ పైపొర గోడలను కలిపి ఉంచే హెమీసెల్యులోజ్ క్షారంలో కరిగి జిగురుగా మారుతుంది. ఆ జిగురే పిండిని పట్టి ఉంచుతుంది. కాల్షియం గింజలోకి చేరుతుంది. వాసన మారుతుంది: పచ్చి జొన్నపిండి లాంటి వాసన పోయి, తడిసిన మట్టిగోడ మీద ఎండ పడినప్పటి కమ్మదనం వస్తుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి కంటికి కనిపించేది కాదు. మొక్కజొన్నలో నయాసిన్ అనే బి విటమిన్ మన శరీరానికి అందని రూపంలో కట్టుబడి ఉంటుంది. సున్నం ఆ కట్టు విప్పుతుంది.

ఐరోపావాళ్లు మొక్కజొన్నను ఓడలెక్కించుకుని పోయారు, సున్నాన్ని వదిలేసి పోయారు. పేదలు మూడుపూటలా అదే తిన్న చోట్ల చర్మం పగిలి, విరేచనాలు పట్టి, మతి చెదిరే జబ్బు వచ్చింది. స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో దాన్ని వర్ణించాడు. ఇటలీలో పెల్లాగ్రా అన్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 నుంచి పరిశోధించి, ఇది అంటువ్యాధి కాదు, తిండిలోని లోపమని చూపించాడు. నయాసిన్ సంగతి 1937లో తేలింది. ఈ జబ్బు మనకూ పరాయిది కాదు. జొన్న మీదే బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తోందో సి. గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాద్‌లో అధ్యయనం చేశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం వైపు వేలు చూపించారు. పోషకాహార శాస్త్రం అంటే ఏమిటో తెలియని కాలంలో, ఒక సున్నపు కుండతో మెక్సికో ఆడవాళ్లు ఆ గండాన్ని దాటించారు. ఈ సంగతి తెలిశాక ఆ గ్లాసు ముందు నిలబడితే వేరుగా అనిపిస్తుంది.

ఇంట్లోనే నిష్తమాల్ చేయాలనుకునేవాళ్లకు లెక్క సులభమే. కిలో ఎండు మొక్కజొన్న గింజలకు మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల తినే సున్నం. స్వీట్‌కార్న్ పనికిరాదు, పాప్‌కార్న్ గింజ అసలే వద్దు. పొలంలో ఎండిన మామూలు గింజ కావాలి. తెలంగాణలో కోళ్ల దాణాకు పోయే రకమే, కాకపోతే తినడానికని శుభ్రంగా నిలవచేసినది చూసుకోవాలి. తాంబూలంలోకి వాడేదీ రసాయనంగా ఇదే కాల్షియం హైడ్రాక్సైడ్. గోడలకు వేసే సున్నం మాత్రం దరిచేరనివ్వకండి. అల్యూమినియం గిన్నె వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది, స్టీలుదే మంచిది. ముప్పావు గంట సన్నసెగ మీద ఉడికించి, మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకు నీళ్లు పచ్చగా, గింజ పొట్టు జారుడుగా ఉంటాయి. అరచేతుల మధ్య నలిపి మూడు నీళ్లు కడిగి, కొంచెం కొంచెం నీళ్లు చిలకరిస్తూ గ్రైండర్లో గట్టిగా రుబ్బుకోవాలి. మెక్సికోలో ఈ పనికి మెతాతే వాడేవారు. మూడు కాళ్ల మీద ఏటవాలుగా నిలబడిన సన్నికల్లు అనుకోండి.

ఇంత కష్టం అక్కర్లేదంటే అర కిలో మాసా అరీనా చాలు, పాతిక తమాలెలవుతాయి. ముందు కొవ్వు కొట్టాలి. మెక్సికో ఇళ్లలో అది పంది కొవ్వు, సుమారు 225 గ్రాములు. పేరుకున్న వెన్నో వనస్పతో కూడా పనిచేస్తుంది. కరిగిన నూనె పోస్తే మాత్రం గాలి సరిగా నిలవదు. తెల్లగా, నురగలా తేలికయ్యేదాకా కొట్టాక పిండి, ఉప్పు, చెంచాన్నర బేకింగ్ పౌడర్ వేసి, ముప్పావు లీటరు దాకా గోరువెచ్చని మాంసరసం గానీ కూరగాయలు ఉడికిన నీళ్లు గానీ కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. గ్లాసు పరీక్ష ఇప్పుడు. ముద్ద తేలిందంటే లోపల గాలి చాలినంత ఉన్నట్టు. ఆవిరిలో ఆ గాలే వ్యాకోచించి తమాల్‌ను గుల్లగా చేస్తుంది.

పంది కొవ్వు పేరెత్తగానే "మనకు కుదరదులే" అనేవాళ్లకు ఒక మాట. స్పెయిన్‌వాళ్లు రాకముందు ఆ నేల మీద పందుల్లేవు. అప్పటి అస్తెకులు (అజ్టెక్ ప్రజలు) తమాలెలను కొవ్వు లేకుండానే వండారు. చిక్కుడు గింజలు, గుమ్మడి గింజలు, పుట్టగొడుగులు పెట్టుకునేవారు. అందుకని శాకాహారి తమాల్‌ను రాజీ అనుకోనక్కర్లేదు. నాకైతే కాల్చిన మిరపకాయ చీలికలు, చీజు పెట్టిన రాహాస్ రకమే అన్నిటికన్నా ఇష్టం. చీజు చోట పనీరు బాగా నప్పుతుంది. అక్కడి పోబ్లానో దొరకకపోతే కారం తక్కువున్న బజ్జీ మిరపకాయల్ని మంట మీద తోలు నల్లబడేదాకా కాల్చి, తోలు వలిచి, గింజ తీసి వాడొచ్చు.

చుట్టడం కళ్లతో చూసి నేర్చుకోవలసిన పని. ఎండు మొక్కజొన్న పొత్తి పొరల్ని గంటసేపు వేణ్నీళ్లలో నానబెడతారు. నునుపైన వైపు పిండి పూసి, మధ్యలో చెంచాడు కూర పెట్టి, రెండు పక్కలూ మూసి, సన్నటి కొసను వెనక్కి మడుస్తారు. పైకొస తెరిచే ఉంటుంది. దక్షిణాన ఒహాకా, వెరాక్రూస్, యుకతాన్ వైపు అరటాకులో చుడతారు. పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వేసే కోనసీమవాళ్లకు ఆకు వాసన పిండికి ఎలా పడుతుందో చెప్పక్కర్లేదు. చుట్టినవాటిని ఆవిరిపాత్రలో నిలువుగా, తెరిచిన కొస పైకి ఉండేలా కుదురుగా నిలబెట్టి గంట నుంచి గంటంబావు దాకా ఉడికిస్తారు. పక్కింటావిడ పాత్ర అడుగున ఒక నాణెం వేసింది. నీళ్లు మరుగుతున్నంతసేపూ అది టకటకమంటుంది. చప్పుడు ఆగిందంటే నీళ్లు పోయాలి. కోపంగా ఉన్నవాళ్లు వంటింట్లో ఉంటే తమాలెలు ఉడకవని మెక్సికోలో ఒక నమ్మకం. ఆవిడ మా ఆయన్ని హాల్లోకి పంపేసింది. ఆ సాయంత్రం ఆయనకు కోపమేమీ లేదు, గ్లాసులో ముద్దలు వేసి ఆడుకుంటున్నాడంతే.

ఆకు అంటుకోకుండా శుభ్రంగా ఊడివస్తే ఉడికినట్టు. దించగానే తినకండి, పావుగంట ఆగితే గట్టిపడుతుంది.

ఇక మిరపకాయ. ఇది మనకు తెలిసిన సరుకేనని ధైర్యంగా దిగేది ఇక్కడే, బోల్తా పడేదీ ఇక్కడే. మిరప పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువాళ్ల ఓడల్లో పదహారో శతాబ్దంలో మన తీరానికొచ్చి గుంటూరు దాకా చేరింది. మనం దాన్ని కారం కోసం వాడుకున్నాం. అక్కడ ఎండు మిరపకాయ పులుసులో చిక్కదనం, రంగు, తీపి, పొగవాసన అన్నీ తెస్తుంది, అంటే మన కూరలో ఉల్లి, టమాటా చేసే పని చాలావరకు అదే చేస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఒక పేరు, ఎండాక మరో పేరు. పోబ్లానో ఎండితే ఆంచో, హలపేఞో పొగబెడితే చిపోట్లే, చిలాకా ఎండితే పసీయా. ఆంచో కారం సుమారు 1000 నుంచి 2000 స్కోవిల్ యూనిట్లు. గుంటూరు సన్నం 35,000 పైమాటే. "ఇరవై ఆంచోలు" అని రాసిన చోట ఇరవై గుంటూరు కాయలు వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. బదులు కావాలంటే వరంగల్ చపాటా మంచిది. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఆ ఎర్రటి, కండ ఉన్న, కారం తక్కువ కాయకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆంచోలో ఉండే ఎండుద్రాక్ష లాంటి తీపి మాత్రం రాదు. అది వేరే దారిలో తెచ్చుకోవాలి.

మోలేలో ఆ దారి ముందే ఉంది. మొల్లి అంటే నావాట్ల్‌లో పులుసు. ప్యూబ్లా మోలేను సాంతా రోసా కాన్వెంటులో సన్యాసినులు కనిపెట్టారని ఒక కథ. అందంగా ఉంటుంది, కానీ రుబ్బిన మిరపకాయల పులుసు వాళ్లకు ఎంతో ముందు నుంచీ ఉంది. అందులో చేరిన దాల్చినచెక్క, లవంగం, మిరియాలు, నువ్వులు, బాదం, ఎండుద్రాక్ష స్పెయిన్‌వాళ్ల తరవాతివి. చాక్లెట్ పులుసని ప్రచారం. నిజానికి పన్నెండు మందికి సరిపడే మోలేలో కూడా చాక్లెట్ పడేది కొద్దిగానే. చింతపండు పులిహోరలో బెల్లం ముక్క చేసే పని అది.

చేసే తీరులో కిటుకు ఇది: ప్రతి దినుసునూ విడిగా వేయించాలి. మిరపకాయ పెనం మీద పది పదిహేను సెకన్లు చాలు, బాదానికి నాలుగు నిమిషాలు కావాలి, నువ్వులు కన్ను మూసి తెరిచేలోగా మాడతాయి. అన్నీ ఒకే మూకుట్లో పడేస్తే ఏదో ఒకటి మాడి మొత్తం చేదెక్కుతుంది. మిరపకాయలు తొడిమ, గింజ తీసి, వేయించి, వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. గింజల్లో కొన్ని విడిగా ఎర్రగా వేయించి కలుపుతారు. వేయించిన పప్పులు, ఎండుద్రాక్ష, అరటి ముక్క, ఎండిన తోర్తియా (మొక్కజొన్న రొట్టె), మసాలాలు, కాల్చిన టమాటా, వెల్లుల్లి కలిపి మెత్తగా రుబ్బి, జల్లెడ పట్టి, కాగిన కొవ్వులో వేసి తిప్పుతూ ఉండాలి. చివాల్న చిమ్ముతుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. రంగు ముదిరి నూనె అంచుల వెంట పైకి తేలేదాకా, అంటే మన కూర అయిందని మనం ఎలా తెలుసుకుంటామో అలాగే. అప్పుడు మాంసరసం పోసి గంట మరగనిచ్చి, చాక్లెట్ వేసి, ఉడికిన టర్కీ ముక్కల మీద పోస్తారు. టర్కీ మెక్సికోలోనే మచ్చికైన పక్షి. కోడి పెట్టినా ఎవరూ తప్పు పట్టరు.

ఇదంతా ఇంట్లో రుబ్బేవాళ్లు మెక్సికోలోనూ తగ్గారు. మెక్సికో నగరం దక్షిణ అంచున మిల్పా ఆల్టాలోని సాన్ పెద్రో అతోక్పాన్ ఊరు మోలే ముద్దకే పేరుపడింది. నగరంలో సగం ఇళ్లు సంతలో ముద్ద కొని ఇంట్లో పలచన చేసుకుంటాయంటే పెద్ద అతిశయోక్తి కాదు. మొదటిసారి చేసేవాళ్లు తమాలెలూ మోలే రెండూ చేతులారా చేయాలని పట్టుబడితే పండగ నాడు నిద్రపోయేది వాళ్లే. ఒకటి కొనండి.

అంతా 24నే చేయాలనుకోవడం నేను చేసిన రెండో తప్పు. నోచెబ్వెనా భోజనం అర్ధరాత్రి దగ్గర, చర్చి నుంచి వచ్చాక మొదలవుతుంది. దాని వంట రెండు మూడు రోజుల ముందే మొదలై ఉంటుంది. మోలే 22న చేస్తే 24కి ఇంకా బాగుంటుంది. బకలావ్‌కు ఎండు ఉప్పుచేపను 22 పొద్దున్నుంచి నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, లేకపోతే నోట పెట్టలేం. ఆపైన టమాటా, ఆలివ్‌లు, కేపర్లు వేసి ఉడికించడమే. అదీ 23 రాత్రికే అయిపోతుంది. తమాలెల కూర కూడా ముందే. 24న మిగిలేది చుట్టడం ఒక్కటే, అదీ ఒక్కరు చేసే పని కాదు. బల్ల చుట్టూ ఆడవాళ్లు, పిల్లలు, పనిలేని మగవాళ్లు కూర్చుని వరస కట్టి చుడతారు. దానికి తమలాదా అని పేరు కూడా ఉంది. విందుకు పిలిచినవాళ్లను మూడు గంటల ముందే రమ్మనండి, చేతులు కడుక్కుని కూర్చోమనండి. అరిసెల పాకం నాడు మన ఇళ్లలో జరిగేదీ ఇదే కదా.

డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు పోసాదాలు. మరియ, యోసేపు బస కోసం వెతికినట్టు ఊరేగింపుగా ఇంటింటికీ వెళ్లి పాడతారు. మెక్సికో నగరానికి దగ్గరలోని అకోల్మాన్ మఠంలో 1587లో మొదలైందని చెబుతారు. ఆ చలిలో తిరిగొచ్చినవాళ్ల చేతికి ఇచ్చేది పోంచే. నాలుగు లీటర్ల నీళ్లలో దాల్చినచెక్క, బెల్లం, చెరకు ముక్కలు వేసి ముందు మరగనిస్తారు. తరవాత ఆపిల్, ఎండు ప్లమ్ పళ్లు, చింతపండు, గుప్పెడు ఎండిన ఎర్ర తొడుగులు. చివర జామకాయలు, ముందే వేస్తే కరిగిపోతాయి. తెహొకోతే అనే చిన్న పసుపు పండు కూడా ఉండాలి గానీ మనకు దొరకదు. ఆ ఎర్ర తొడుగుల మొక్క ఏదో కాదు, మన ఎర్ర గోంగూరే. మనం ఆకు తిని కాయ తొడుగును వదిలేస్తాం, వాళ్లు ఆకును వదిలేసి తొడుగును ఎండబెడతారు. చెరకు, చింతపండు పాత ప్రపంచం నుంచి అటు వెళ్లాయి. జామ అటు నుంచి మనకొచ్చి, ఊరి జామగా మారింది. పోంచే అనే పేరు సైతం ఇంగ్లీషు ద్వారా హిందీ "పాంచ్" నుంచి వచ్చిందని చాలా నిఘంటువులు చెబుతాయి.

సలాడ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఉడికిన బీట్‌రూట్, నారింజ తొనలు, హికామా అనే కరకరలాడే దుంప, వేయించిన వేరుశనగ. మోలే బరువు తర్వాత నాలుకకు ఊపిరి. హికామా లేకపోతే ముల్లంగి.

ఆ రాత్రి మా ఇంట్లో పన్నెండున్నరకు భోజనాలయ్యాయి. ముప్పై రెండు తమాలెల్లో ఏడు మిగిలాయి. సర్దుతుంటే ఆవిడ ఆపింది, అవి మర్నాటివట. మర్నాడు తినేదాన్ని రెకలెంతాదో అంటారు, మళ్లీ వేడిచేసినది అని. చాలామంది ఆ భోజనానికే ఎక్కువ ఎదురుచూస్తారని చెప్పింది. 25 పొద్దున్న పెనం మీద ఆకుతో సహా పెట్టి అటూ ఇటూ తిప్పాను. ఆకు నల్లబడింది, లోపల అంచులు పెళుసుగా, ఎర్రగా కాలాయి. గట్టిపడిన మోలేలో రెండు గరిటెల నీళ్లు పోశాను. మా ఆయన మొదటి ముక్క తిని, ఫ్రిజ్ తెరిచి, నిమ్మకాయ ఊరగాయ సీసా బయటికి తీశాడు. గోడ అవతల నుంచి కూడా పెనం మీద ఆకు కాలుతున్న వాసన వస్తోంది.